ఎనిమిది గంటల లెక్క

ఆనకట్ట క్వార్టర్స్,
మే 11

అన్నయ్యకు,

నీకు ఉత్తరం రాసి ఎనిమిది నెలలైంది. ఫోన్ చేస్తే ఎత్తడం లేదని వదిన దగ్గర నొచ్చుకున్నావట. ఎత్తితే ఏం మాట్లాడతానో నాకే నమ్మకం లేక ఎత్తలేదు. కాగితం మీదైతే కొట్టేసి మళ్ళీ రాసుకోవచ్చు. ఇది నాలుగో కాగితం.

ఆదివారం ఆదివారం పేపర్లో నీ వ్యాసం చదువుతూనే ఉన్నాను. 'ఆకాశం మారలేదు' అని మొన్న రాసింది మరీ బాగుంది. కిందటి సెప్టెంబరు వరద సంగతి మళ్ళీ ఎత్తుకున్నావు. 'పై కొండల్లో మొదటి రోజు నూట యాభై ఎనిమిది మిల్లీమీటర్ల వాన, రెండో రోజు నూట అరవై నాలుగు. తాతల నాడు ఒక్క రోజులోనే రెండు వందల పన్నెండు పడింది. అప్పుడు మునగని ఊరు ఇప్పుడెందుకు మునిగింది? భూమి వేడెక్కి కాదు, గేట్ల మనిషి మొద్దునిద్ర పోయి.' ఈ ముక్క రెండుసార్లు చదివాను. ఆ అంకెలు నా చేతిరాతలోవే కదా. వానకొలత రాసేదాన్ని నేను, గేట్లు ఎత్తేవాడు మీ బావ, విచారణ కమిటీలో ఊరి తరఫున కూర్చున్నది నువ్వు. ముగ్గురం ఒక్క ఇంటివాళ్ళమని పేపరు చదివేవాళ్ళకి తెలియదు పాపం.

బావ ఎలా ఉన్నాడని నువ్వు అడగలేదు, అయినా చెప్తాను. ఉద్యోగం తీసేశాక ఇంట్లోనే ఉంటున్నాడు. నా ఉద్యోగం ఉంది గనక క్వార్టర్సు ఖాళీ చేయమనలేదు. వంటగది కిటికీలోంచి ఆనకట్ట కనిపిస్తుందని ఆ కిటికీకి చాప కట్టేశాడు. పగలంతా ఒక కాగితం ముందేసుకుని టైములు రాసుకుంటాడు. తొమ్మిదికి పై ఆఫీసుకి ఫోను. పదిన్నరకి మళ్ళీ ఫోను. ఒంటిగంటకి ఆర్డరు. ఒంటిగంటా ఇరవైకి మొదటి గేటు. 'ఆ ఇరవై నిమిషాలే,' అంటాడు. 'ఆ ఇరవై నిమిషాలు నేను ముందు ఎత్తి ఉంటే పదకొండు మందీ బతికేవాళ్ళు.' ఇరవై ఆరేళ్ళలో ఇలాంటి వాన చూడలేదని విచారణలో మొదట గట్టిగానే చెప్పాడు. గేట్లవాళ్ళందరూ ఇదే పాట పాడతారని మీ కమిటీలో ఎవరో నవ్వారట. అప్పటినుంచి తన కళ్ళని తనే నమ్మడం మానేశాడు.

సరే, అదలా ఉంచు. నీ వ్యాసాలన్నీ కలిపి పుస్తకం వేస్తున్నావని వదిన చెప్పింది. నలభై ఏళ్ళ వాన రిజిస్టర్లు నా బీరువాలోనే ఉన్నాయి. కావాలంటే నకలు రాసి పంపిస్తాను. ఎవరి దగ్గరో అడుక్కోవడం ఎందుకు, సొంత చెల్లెలు ఉండగా.

నీ
పిచ్చుక


బడి వెనక వీధి,
మే 20

నా పిచ్చుకకు,

నీ ఉత్తరం చూసి మీ వదిన ఎదురుగానే కళ్ళు తుడుచుకున్నాను. అరవై రెండేళ్ళ మనిషి ఏడిస్తే ఎలా ఉంటుందో చూశానని ఆవిడ నాలుగు రోజులుగా ఆటపట్టిస్తోంది. కోపం పోయిందన్నమాట. పోతుందని నాకు తెలుసు. చిన్నప్పుడు కూడా నువ్వు అలిగితే మూడు పూటలు దాటేది కాదు. ఈసారి కాస్త ఎక్కువ పట్టింది, అంతే.

ఒక్క సంగతి మాత్రం నీకు స్పష్టంగా చెప్పాలి. నేను బావ పేరు ఎక్కడా రాయలేదు. 'గేట్ల మనిషి' అన్నాను, అది పదవి. బావ మీద నాకేం కక్ష? నా గొడవంతా సూత్రం గురించి. ముప్పై ఏళ్ళు పిల్లలకి భూగోళం చెప్పినవాణ్ణి. ఈమధ్య ఎండ కాస్తే భూతాపం, చినుకు పడితే వాతావరణ మార్పు. కాలవ పూడిక తియ్యని ఇంజనీరూ, నది ఒడ్డున గోడ కట్టినవాడూ, అందరూ ఆకాశం వెనక దాక్కుంటున్నారు. అది చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

మొన్న టౌన్ హాల్లో చర్చ పెట్టారు. మన బడికి కొత్తగా వచ్చిన సైన్సు టీచరమ్మ లేచింది. నా దగ్గర చదువుకున్న పిల్లే. 'మాస్టారూ, వాన పడే తీరే మారిందండీ,' అంది. మంగలిషాపాయన అందుకున్నాడు. 'మా నాన్న కాలంలో షాపు గడప కూడా తడవలేదు మాస్టారూ, మొన్న అద్దం సగానికి మునిగింది. మరి దాన్నేమంటారు?' మీ నాన్న కాలంలో అద్దం అంత కిందకి పెట్టలేదోయ్ అన్నాను. హాలంతా ఒకటే నవ్వులు. టీచరమ్మ మొహం మాడిపోయింది.

పల్లపు వీధి వాళ్ళు సైరన్ స్తంభం పెట్టించమని, ఇళ్ళ పునాదులు ఎత్తు చేయించమని పట్టుబడుతున్నారు. మున్సిపాలిటీ వాళ్ళు నా పుస్తకం వచ్చాక చూద్దాం అంటున్నారు. చూశావా, మీ అన్నయ్య మాటకి ఎంత బరువుందో.

రోజువారీ లెక్క నలభై ఏళ్ళదీ పంపు. నీ చేతిరాత ముత్యాలు. ముందుమాటలో నీ గురించి ఒక వాక్యం రాస్తాను.

అన్నయ్య


ఆనకట్ట క్వార్టర్స్,
జూన్ 9

అన్నయ్యకు,

నకలు రాయడానికి పద్దెనిమిది రోజులు పట్టింది. ఈ ఉత్తరంతోపాటు కట్ట పంపుతున్నాను, తడవకుండా రెండు కవర్లలో చుట్టాను. పద్నాలుగు వేల పైచిలుకు గడులు. ప్రతి ఉదయం ఎనిమిదింటికి వానకొలత గేజి మూత తీసి, సీసాలో నీళ్ళు కొలత గ్లాసులో పోసి, కంటికి సమానంగా పట్టుకుని చూసి రాసినవే. ఎనిమిదికి ముందు పడింది ఇవాళ్టి గడిలో, ఎనిమిది తర్వాత పడింది రేపటి గడిలో. బడి ఆవరణలో నువ్వే నేర్పావు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. గ్లాసు వాలిందని నెత్తిన జెల్ల కొట్టావు కూడా.

ఒక్క మాట అడగనా? నీకు రోజువారీ లెక్క చాలా? గేజి గదిలో డ్రమ్ము యంత్రం కూడా ఉంది. వారానికి సరిపడా కాగితం చుట్టి పెడితే డ్రమ్ము మెల్లగా తిరుగుతుంది, కలం దానంతటదే గీత గీస్తుంది. ఏ గంటకి ఎంత వాన పడిందో అందులో తెలుస్తుంది. మీ విచారణ కమిటీ రిజిస్టరు మాత్రమే అడిగింది, అదొక్కటే పంపాను. నీకు కావాలంటే ఆ కాగితాలు కూడా తీసి పెడతాను.

మీ బావ కొత్త పని పెట్టుకున్నాడు. వరదలో పోయిన పదకొండు మంది ఇళ్ళకీ ఒక్కొక్కటిగా వెళ్ళి క్షమించమని అడగాలట. నేను వద్దనలేదు. మొన్న పల్లపు వీధిలో దర్జీ ఇంటికి వెళ్ళాడు. అతని భార్య మిషను దగ్గర కూర్చున్నది కూర్చున్నట్టే కొట్టుకుపోయింది. దర్జీ తలుపు తీసి, ఈయన్ని చూసి, మళ్ళీ లోపలికి వెళ్ళి గుండీలు కుట్టుకున్నాడట. ఈయన గంటన్నర గుమ్మంలో నిలబడ్డాడు. చివరికి దర్జీ, 'చూశాను, వెళ్ళు,' అన్నాడట. ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుని, 'ఒకటి అయింది, ఇంకా పది,' అన్నాడు.

పిచ్చుక


బడి వెనక వీధి,
జూన్ 18

పిచ్చుకా,

కట్ట అందింది. నిన్ను మెచ్చుకోవడానికి మాటలు లేవు. ఒక్క కొట్టివేత లేదు, ఒక్క దిద్దుబాటు లేదు.

డ్రమ్ము కాగితాలు నాకొద్దు. ఆ యంత్రాల సంగతి నాకు తెలియనిదా? సిరా ముద్దకడుతుంది, కలం ఇరుక్కుంటుంది, పురుగు వాలినా గీత వంకరపోతుంది. ఉదయం ఎనిమిది గంటల లెక్కే లెక్క, మిగతావి పిచ్చిగీతలు. నేను పుస్తకం రాస్తున్నాను, ముగ్గులు వేయడం లేదు.

నలభై ఏళ్ళలో ఒక్క రోజైనా నీ లెక్క రెండు వందలు దాటలేదు. అదే నాకు కావాల్సింది. అంతకుముందు తాతల కాలంలో రెండు వందల పన్నెండు ఉంది కదా, ఇంకేం మారింది? ఈ ఆదివారం వ్యాసంలో సవాలు విసురుతున్నాను. ఈ కొండల్లో ఒక్క రోజులో మూడు వందల మిల్లీమీటర్లు దాటి వాన పడిందని ప్రభుత్వ లెక్కతో ఎవరైనా నిరూపిస్తే, నేను రాసిందంతా వెనక్కి తీసుకుని, ఆనకట్ట గేటు ముందు నిలబడి అందరి ముందూ గేట్ల మనిషికి క్షమాపణ చెప్తాను. ఎలా ఉంది? టీచరమ్మకి నోట మాట రాదు.

మీ వదిన మాత్రం సణుగుతూనే ఉంది. 'నేను మేడ మీద నుంచి చూశాను ఆ నీళ్ళని, నది కాదు అది, గోడ నడిచొచ్చినట్టుంది,' అంటుంది. భయపడ్డ కళ్ళకి అన్నీ గోడలే అన్నాను. రెండు రోజుల నుంచి నాతో మాట్లాడటం లేదు. ఇల్లు ప్రశాంతంగా ఉంది.

బావని ఆ ఇళ్ళ చుట్టూ తిరగనివ్వకు. మంచిది కాదు. జనం మరిచిపోతున్న సమయంలో గుర్తుచేసినట్టవుతుంది.

అన్నయ్య


ఆనకట్ట క్వార్టర్స్,
జూలై 2

అన్నయ్యకు,

సవాలు చదివాను. కత్తిలా ఉంది. ఇక్కడ ఆఫీసులో గుమాస్తా దాన్ని కత్తిరించి గోడకి అంటించాడు. మా గుమాస్తా నీ భక్తుడు, తెలుసుగా.

ఒక చిన్న సవరణ చెప్పనా? 'ఒక్క రోజులో' అని రాశావు. రేపు ఎవరైనా తగువులమారి రోజు అంటే పగలా, రాత్రి కూడానా, తెల్లారి నుంచా అని మెలిక పెడతాడు. 'ఏ ఇరవై నాలుగు గంటల్లోనైనా' అని మార్చు. గట్టిగా ఉంటుంది, ఎవరికీ సందు దొరకదు. అలాగే అది పుస్తకం అట్ట మీదే వేయించు. లోపల ఉంటే ఎవరు చదువుతారు? అట్ట మీద ఉంటే నీ ధైర్యం దూరం నుంచే కనిపిస్తుంది.

డ్రమ్ము కాగితాలు నీకు నిజంగా వద్దా? రెండోసారి అడుగుతున్నానని విసుక్కోకు. రేపు నన్ను అడగలేదని అనకూడదు కదా.

మీ బావ నాలుగిళ్ళు పూర్తి చేశాడు. నువ్వు వద్దన్నావని చెప్పాను, వినలేదు. నాలుగోది పడవలు బాగుచేసే కుర్రాడి తల్లిది. ఆవిడ ఈయన మొహాన ఉమ్మింది. వీధిలో అందరూ చూశారట. ఈయన అక్కడే నిలబడి, 'సరేనమ్మా,' అని వచ్చేశాడట. మనిషి సగం అయిపోయాడు అన్నయ్యా. చొక్కాలు వదులయ్యాయి.

పుస్తకం ఎప్పుడు వస్తుందో తేదీ రాయి. నేను సెలవు పెట్టుకోవాలి.

పిచ్చుక


బడి వెనక వీధి,
జూలై 25

పిచ్చుకా,

నీ సవరణ బ్రహ్మాండం. 'ఏ ఇరవై నాలుగు గంటల్లోనైనా' అని పెద్ద అక్షరాలతో అట్ట మీద వేయించాను. నీలోనూ మన నాన్న బుర్రే ఉంది. పుస్తకం అచ్చయి వచ్చింది. చివర్లో నీ అంకెలన్నీ అనుబంధంగా ఇచ్చాను. ఆగస్టు 17న టౌన్ హాల్లో ఆవిష్కరణ. పై ఆఫీసు నుంచి పెద్ద ఇంజనీరు కూడా వస్తున్నాడు. అంకెలు నీవి గనక నువ్వు వేదిక మీద కూర్చోవాలి. బావకి ఇష్టమైతే తీసుకురా, లేకపోతే ఇబ్బంది పెట్టకు.

మున్సిపాలిటీ వాళ్ళు సైరన్ ప్రతిపాదన పక్కన పెట్టేశారు. నా పుస్తకం ప్రూఫులు చదివి తీర్మానం రాసుకున్నారట. గర్వంగా చెప్పాలని మొదలుపెట్టాను గానీ, ఎందుకో ఈ వాక్యం రాశాక కాసేపు కలం ఆగింది. పల్లపు వీధి వాళ్ళు ఇద్దరు ఇంటికొచ్చారు. గొడవేం పెట్టుకోలేదు. 'మాస్టారూ, మీరు చెప్పారు గనక మేం తిరిగి అక్కడే ఉంటున్నాం,' అని వెళ్ళిపోయారు. అలా ఎందుకన్నారో.

డ్రమ్ము కాగితాల మాట ఇక ఎత్తకు. ఆ వారం కాగితం గురించి నేను ఆలోచించి చాలా కాలమైంది, ఇప్పుడు మళ్ళీ ఆలోచించదలచుకోలేదు.

పొద్దున్న బస్సుకి రా. మీ వదిన నీకోసం గది సర్దింది.

అన్నయ్య


ఆనకట్ట క్వార్టర్స్,
ఆగస్టు 18

మాస్టారికి,

నిన్న మీరు వేదిక మీద తల వంచుకుని కూర్చున్నారు గనక హాల్లో ఏం జరిగిందో సరిగా చూసి ఉండరు. చెప్తాను, తీరిగ్గా చదువుకోండి.

మీ గురించి ముగ్గురు పొగిడాక నన్ను మాట్లాడమన్నారు. సంచీలోంచి డ్రమ్ము కాగితం తీసి, రెండు చివర్లూ టీచరమ్మనీ మంగలిషాపాయన్నీ పట్టుకోమన్నాను. కిందటి సెప్టెంబరు, ఆ వారం కాగితం. పది మిల్లీమీటర్లు పడగానే కలం పైకి వెళ్ళి ఒక్కసారిగా కిందకి జారుతుంది. అందుకే గీత రంపం పళ్ళలా ఉంటుంది. పళ్ళు లెక్కపెట్టండి అన్నాను. ముందు వరసలో వాళ్ళు మొదలుపెట్టారు, తర్వాత హాలంతా అందుకుంది, ఒకటో తరగతి పిల్లల్లాగా. ముప్పై దగ్గర ఆగారు. ఆ పైన ఇంకో ముక్క. తెల్లవారుజామున మూడింటి నుంచి మధ్యాహ్నం ఒంటిగంట దాకా పది గంటల్లో మూడు వందల ఏడు మిల్లీమీటర్లు. ఎనిమిది గంటల గీత సరిగ్గా ఆ వాన నడుమున పడింది. దానికి ముందుది ఒక గడిలోకి, తర్వాతది ఇంకో గడిలోకి వెళ్ళింది. ముందూ వెనకా పడ్డ జల్లులు వాటికి తోడయ్యాయి. రిజిస్టర్లో చూస్తే రెండు మామూలు రోజులు. కొండ మీద ఒకే ఒక్క కుంభవృష్టి.

మీ ఇంజనీరు కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. తన పుస్తకంలో ఏవో గుణించుకున్నాడు. 'ఈ వానకి ఆరు గేట్లూ పొద్దుటి నుంచే ఎత్తి ఉంచినా పల్లపు వీధి మునిగేదే. అతను చేయగలిగింది ఏమీ లేదు,' అన్నాడు. గట్టిగానే అన్నాడు. దర్జీ వెనక వరసలో ఉన్నాడు, విన్నాడు.

అప్పుడు మీరు లేచి, 'ఒక్క వానతో ఆకాశం మారిపోయిందంటారా?' అన్నారు. టీచరమ్మ మీ పుస్తకమే తెరిచింది, అనుబంధం. నూరు దాటిన రోజులు మొదటి ఇరవై ఏళ్ళలో నాలుగు, తర్వాత ఇరవై ఏళ్ళలో పదమూడు అని మీ పుస్తకంలోంచే చదివింది. అవి నేను పంపినవే. అన్నిటికన్నా పెద్ద అంకె ఎక్కడుందా అని వెతికారు తప్ప, పెద్దవి ఎన్ని ఉన్నాయో మీరు లెక్కపెట్టలేదు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

డ్రమ్ము కాగితం కావాలా అని మిమ్మల్ని రెండుసార్లు అడిగాను. వద్దని రెండుసార్లు రాసిచ్చారు. ఆ ఉత్తరాలు నా పెట్టెలో ఉన్నాయి. చదివి వినిపించమంటే నిన్ననే వినిపించేదాన్ని. వదిన మొహం చూసి ఊరుకున్నాను.

రెండు గడులు పక్కపక్కన పెద్దవిగా కనిపిస్తే ముందు గంటలు చూడు, ఆ తర్వాతే మాట్లాడు అని నాకు నేర్పింది ఎవరు? తొమ్మిదేళ్ళ పిల్లకి తెలిసింది కమిటీలో కూర్చున్న మాస్టారికి తెలియలేదంటే నేను నమ్మను. తెలిసే నోరు మూసుకున్నారు. ఆకాశం తప్పేం లేదని మీరు ఏళ్ళ తరబడి రాశారు. ఆకాశం తప్పు కాకపోతే ఎవడో ఒక మనిషి తప్పు కావాలి కదా. మీకు నా మొగుడు దొరికాడు.

ఇప్పుడు మీ పుస్తకం అట్ట మీద ఏముందో ఒకసారి చదువుకోండి. సెప్టెంబరు 1, ఉదయం. పల్లపు వీధి వాళ్ళందరికీ కబురు పెట్టాను. గేటు ముందు ఎండ బాగా ఉంటుంది, గొడుగు తెచ్చుకోవద్దు.

వానకొలత ఉద్యోగి


బడి వెనక వీధి,
సెప్టెంబరు 3

చెల్లెలికి,

గొడుగు తెచ్చుకోలేదు, నువ్వు చూశావు. నువ్వు పిలిపించిన రెండు వందల మంది ముందు, రాసుకొచ్చిన కాగితం లేకుండా, బావ కాళ్ళ దగ్గర కూర్చుని చెప్పాను. దర్జీ నా వంక చూడలేదు, బావ చెయ్యి పట్టుకున్నాడు. పడవలబ్బాయి తల్లి బావ మొహం తడిమి ఏడ్చింది. ఉద్యోగం తిరిగిచ్చిన కాగితం ఇంజనీరు అక్కడే చేతికిచ్చాడు. నువ్వు గేటు రెయిలింగు పట్టుకుని నన్నొక్కడినే చూస్తున్నావు. అంత తృప్తి నీ మొహంలో నీ పెళ్ళిరోజు కూడా చూడలేదు.

నువ్వు రాసింది నిజం. విచారణ రెండో రోజున రిజిస్టరు నా చేతికి వచ్చింది. రెండు గడులూ పక్కపక్కన చూడగానే నాకు అనుమానం వచ్చింది. డ్రమ్ము కాగితం తెప్పించండి అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ ముందు ఆదివారమే రాశాను, ఇది మామూలు వానే అని. తెప్పిస్తే ఎనిమిదేళ్ళ నా రాతలన్నీ చెత్తబుట్టలోకి. మింగేశాను. సైరన్ కోసం నిన్న మున్సిపాలిటీకి వెళ్ళి నేనే అర్జీ ఇచ్చాను. దానితో ఏదీ చెల్లిపోదని తెలుసు.

ఇక నీ సంగతి. జనం వెళ్ళాక బావ నాతోపాటు బస్సెక్కి మా ఇంటికి వచ్చాడు. నన్ను ఒక్క మాట అనలేదు. 'ఆ కాగితం స్టోరు గదిలో పాత పెట్టె కింద దొరికిందట బావా, హాలు మీటింగుకి సరిగ్గా నాలుగు రోజుల ముందు. మా అదృష్టం చూడు,' అన్నాడు. మీ వదిన నా వైపు చూసింది. నేను లేచి బీరువాలోంచి నీ ఉత్తరాలు తీశాను. తేదీల వరసలో పెట్టి అతని ముందు ఉంచాను, అంతే. నీ దగ్గర నేర్చుకున్నాను, ఎదుటివాళ్ళ చేతిరాతే చాలని.

మొదటిది చదివి నవ్వుకున్నాడు. జూన్ 9న రాసింది చదివి మళ్ళీ మొదటినుంచి చదివాడు. జూలైది పట్టుకుని మధ్యాహ్నమంతా కిటికీ దగ్గర కూర్చున్నాడు. మీ వదిన అన్నం పెడితే చెయ్యి కడుక్కుని, తినకుండా మళ్ళీ కడుక్కున్నాడు.

ఇవాళ పొద్దున్న బస్సుకి బయల్దేరాడు. నువ్వు నన్ను నలుగురిలో నిలబెట్టావు. నిన్ను నేను ఒక్కడి ముందే నిలబెట్టాను. ఎవరిది ఎక్కువో నువ్వే కొలిచి చెప్పు.

అన్నయ్య


ఆనకట్ట క్వార్టర్స్,
సెప్టెంబరు 20

అన్నయ్యకు,

నీదే ఎక్కువ.

ఆయన వచ్చేసరికి నేను కిటికీకి కట్టిన చాప విప్పుతున్నాను, సంతోషంగా. చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి, 'ఆ కాగితం ఏ రోజు చూశావు?' అన్నాడు. అబద్ధం చెబుదామని నోరు తెరిచాను, రాలేదు. కిందటి అక్టోబరులో, మీ విచారణ తీర్పు మీద నీ మొదటి వ్యాసం పడిన ఆదివారం చూశానని చెప్పాను. బీరువాలోంచి తీసి, భూతద్దం పెట్టి, మూడుసార్లు పళ్ళు లెక్కపెట్టానని కూడా చెప్పాను.

వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టుకున్నాడు. 'అయితే నేను దర్జీ గుమ్మంలో నిలబడ్డప్పుడు నీకు తెలుసు.' తెలుసు అన్నాను. 'పడవలబ్బాయి వాళ్ళమ్మ ఉమ్మినప్పుడు?' తెలుసు. 'ఇంటికొస్తే నా మొహం తుడిచింది నువ్వే కదా,' అన్నాడు.

ఎందుకు చెప్పలేదో చెప్పాను. చెప్తే ఆయన ఆ రోజే తీసుకెళ్ళి పై ఆఫీసులో ఇచ్చేసేవాడు. వాళ్ళు ఏ ఫైల్లోనో పడేసేవాళ్ళు. నువ్వు సిరా ముద్దకట్టిందని ఒక వ్యాసం రాసేవాడివి. నీకు తప్పించుకునే దారి లేకుండా చేసి, నీ నోటితోనే అనిపించి, అందరి ముందూ నిన్ను వంచాలనుకున్నాను. నువ్వు వంగితే ఆయన నిటారుగా నిలబడతాడనుకున్నాను. ఆయన ఒక్కో ఇంటినుంచీ తిరిగొచ్చిన ప్రతిసారీ ఇవాళ చెప్పేద్దామా అనిపించేది. నీ పుస్తకం ఇంకా రాలేదు కదా అని ఆగేదాన్ని. నా కళ్ళముందు మనిషి కరిగిపోతుంటే నేను తేదీలు చూసుకున్నాను. ఈ ముక్క ఆయనతో అనలేకపోయాను, నీకు రాస్తున్నాను.

అంతా విని, 'మీ అన్నకి నేను గేట్ల మనిషిని. నీకు ఎవర్ని?' అన్నాడు. అరవలేదు.

గేట్ల గదిలో మంచం వేసుకున్నాడు. క్యారేజీ పంపితే తిని, కడిగి పంపుతాడు. మా అమ్మాయి ఫోన్ చేస్తే ఇద్దరం విడివిడిగా మాట్లాడతాం. ఆ నాలుగో ఇంటితో ఆగిపోయాడు కదా, మిగిలిన ఏడిళ్ళకీ ఆయన వెళ్ళనక్కర్లేదు ఇప్పుడు, వాళ్ళే ఆయన దగ్గరకి వస్తున్నారు. గేట్ల గది ముందు రోజూ ఎవరో ఒకరి చెప్పులు కనిపిస్తాయి.

నీ మీదా నా మీదా వదినకి ఒకే రకం కోపం ఉందని రాసింది.

పొద్దున్న ఎనిమిదింటికి గేజి చూసి, ఆ అంకె గేట్ల గదికి ఫోన్లో చెప్పాలి. అది రూలు. వాన లేకపోయినా సున్నా అని చెప్పి తీరాలి. ఈ నెలలో చినుకు పడలేదు. ఇవాళ కూడా చేశాను. 'సున్నా,' అన్నాను. 'రాసుకున్నాను,' అన్నాడు.

పిచ్చుక